పేరెత్తకుండా వండిన ఆముదం

జనగామలో మా మనవరాలు ఈ మధ్య ఇంట్లోనే సబ్బులు, తలనూనెలు, సున్నిపిండి చేయడం మొదలుపెట్టింది. మొన్నొక మధ్యాహ్నం నేను వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే చిన్న గాజు సీసా ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఇది అచ్చంగా ఇంట్లో వండిన ఆముదం, వాసన చూడమంది. చూశాను. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, వేలికి రాసుకుని చూశాను, వెలుతురుకు ఎత్తి పట్టి కూడా చూశాను. రంగు మరీ తేలిక. గింజ వేయించావా అని అడిగితే వేయించానంది, గింజ ఎక్కడిదంటే నెల్లికుదురు నుంచి తెప్పించానంది, వండేటప్పుడు దగ్గర ఎవరెవరున్నారని అడిగేసరికి పిల్ల ఫక్కున నవ్వి, వండుతున్నంత సేపూ ఫోనులో వీడియో తీసి అందరికీ చూపించానని, ఎక్కడెక్కడి వాళ్ళో చూశారని చెప్పింది. అంతమంది చూస్తుండగా ఆముదం తేలిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. కొనుక్కొచ్చి సీసాలో పోసి నన్ను ఆటపట్టిస్తున్నదేమోనని ఆ సాయంత్రమంతా దాని మొహం వంక చూస్తూనే ఉన్నాను.

నా ఈడు వాళ్ళకు, అందులోనూ మానుకోట చుట్టుపక్కల పల్లెల్లో పుట్టి పెరిగిన ఆడవాళ్ళకు, ఆ ప్రశ్న నేనెందుకు వేశానో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇప్పుడు మహబూబాబాద్ అంటున్నారు గాని మాకది ఎప్పటికీ మానుకోటే. మా ఊరు నెల్లికుదురు పోయే బాట పక్కన, చెలకల నడుమ ఉండేది. అంగడి నుంచి ఇంట్లోకి వచ్చేవి ఉప్పు, కిరసనాయిలు, పండుగకు బట్టలు, అంతే. తక్కినవన్నీ మా చేల నుంచీ, మా ఇంటి ఆడవాళ్ళ చేతుల నుంచీ వచ్చేవి. పొద్దున రాగుల తైదంబలి, మధ్యాహ్నం జొన్నగటుకలోకి పుంటికూర పప్పో పచ్చిపులుసో, పొలం నుంచి వచ్చిన వాళ్ళకు కొంగులో పోసే జొన్న పేలాలు, తలకు కుంకుడుకాయ, ఒంటికి పెసరపిండి, కళ్ళకు ఆముదపు దీపం మీద పట్టిన కాటుక. ఆముదం లేనిదే మాకు రోజు గడిచేది కాదు. పుట్టిన బిడ్డ మాడుకు అదే, బాలింత నడుముకు అదే, అజీర్తికి అదే, గూట్లో దీపానికి అదే, ఆఖరికి ఎడ్లబండి ఇరుసుకు కూడా అదే.

మా అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం, నాయినను బాపు అనేవాళ్ళం. మాఘమాసంలో ఆముదపు కాయలు పగిలి గింజ ఎండిన తర్వాత అవ్వ ఒక మంచిరోజు చూసుకుని పనికి దిగేది. మంగలంలో గింజ వేయించాలి, మాడితే నూనె చేదెక్కుతుంది, పచ్చిగా ఉంటే దిగనే దిగదు. వేడి ఆరకముందే రోట్లో వేసి ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకలిపోటు వేయాలి. మెత్తటి ముద్దయ్యాక పెద్ద కుండలో నీళ్ళు మరిగించి అందులో కలిపి, అడుగంటకుండా కలియబెడుతూ ఉంటే, చాలా సేపటికి నల్లటి కళ్ళలాగా చుక్కలు చుక్కలుగా నూనె పైకి తేలేది. ఆ తేలిన దాన్ని గరిటెతో తీసి వేరే గిన్నెలో మళ్ళీ కాచి నీరు ఇగిరిపోయేదాకా ఉంచాలి. మిగిలిన పిప్పి పశువులు ముట్టకుండా దూరంగా పాతిపెట్టాలి, అది విషంతో సమానం. ఈ పనికి అవ్వకు ప్రతి ఏడూ తోడు మా పెద్దమ్మ. బాపు వాళ్ళ అన్న భార్య. రెండిళ్ళకూ నడుమ మట్టిగోడ, గోడలో మనిషి పట్టేంత సందు. పెద్దబాపు డోర్నకల్ రైలు స్టేషన్‌లో కూలిపని చేస్తూ నెలకోసారి ఇంటికి వచ్చేవాడు గనుక పెద్దమ్మకు మా ఇల్లే ఇల్లు, మాకు ఆమె వంటే వంట.

ఆముదం వండడంలో మాకొక కట్టడి ఉండేది. కుండ పొయ్యెక్కిందంటే దర్వాజ మూసేయాలి. బయటి కన్ను దాని మీద పడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, దించేదాకా దాని పేరెత్తకూడదు. ఎవరైనా గోడ అవతలి నుంచి ఏం వండుతున్నారని అడిగితే ఇంకేదో చెప్పాలి, లేదా తెలియదనాలి. పేరు చెప్పిన మరుక్షణం నూనె విరిగి పిప్పిలో కలిసిపోతుందని, ఆ ఏడాదంతా ఇంటికి దీపం ఉండదని గట్టి నమ్మకం. అబద్ధమాడితే చెంప పగలగొట్టే అవ్వ, ఆ ఒక్క పూట మాత్రం మాకు అబద్ధం దగ్గరుండి నేర్పేది. మీలోనూ ఎందరిళ్ళలోనో ఇదే తంతు నడిచి ఉంటుంది.

ఇక ఆ రోజుల సంగతి. నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు, హమ్మయ్య అనుకునేలోగా మా ఊరి కచ్చీరు చావడిలో కొత్త సర్కారు సిపాయిల క్యాంపు దిగింది. కమ్యూనిస్టు దళాల వాళ్ళు అడవుల్లోకి పోయారని, రాత్రిళ్ళు ఊళ్ళలోకి వచ్చి అన్నం తిని పోతున్నారని, పెట్టిన ఇంటిని పట్టుకోవాలని క్యాంపు వాళ్ళ పట్టుదల. దాంతో వంట మీద కాపలా వచ్చింది. ఏ ఇంట్లో పొయ్యి ఎక్కువ సేపు మండుతున్నదో, ఎవరి కుండ ఇంటి మనుషుల లెక్కకు మించి పెద్దదో చూసేవాళ్ళు. జొన్న పేలాలు వేయించడం మానేశాం, అవి మూటగట్టుకుని అడవిలోకి పోవడానికి వీలైన తిండని వాళ్ళకెవరో చెప్పారట. పక్కింటి వాళ్ళు రెండు రొట్టెలు ఎక్కువ చేస్తే ఎవరికోసమా అని మాకే అనుమానం వచ్చేది. మేము చేసినప్పుడు వాళ్ళకూ వచ్చే ఉంటుంది. పలకరింపులన్నీ పైపైవే అయ్యాయి.

పెద్దమ్మ తమ్ముడు దళంలో కలిశాడన్న మాట ఆ చలికాలంలోనే గుప్పుమంది. క్యాంపుకు ఆమెను పిలిపించారు, పంపించారు, మళ్ళీ పిలిపించారు. మొదట్లో ఊరంతా అయ్యో అన్నది. తర్వాత్తర్వాత, ఒంటి మీద దెబ్బ పడకుండా ఎట్లా తిరిగొస్తున్నదని గుసగుసలు బయల్దేరాయి. వాళ్ళ మాటా వీళ్ళ మాటా మోస్తున్నదేమో అన్నారు. అవ్వ ఆ మాటలకు మొదట మండిపడింది, తర్వాత మౌనంగా విన్నది, ఒకరోజు బాపుతో చెప్పి గోడ సందులో రేగుకంప కొట్టించింది. గొర్రెలు వస్తున్నాయని పెద్దమ్మకు చెప్పింది. మాకు గొర్రెలు వచ్చే దారి అటు లేదని పెద్దమ్మకు తెలియదా.

ఆ ఏడు ఆముదం వండే రోజున అవ్వ పెద్దమ్మను పిలవలేదు. బాపు రెండో రోకలి పట్టుకున్నాడు. మగవాడు రోకలి పట్టాడని ఎవరైనా చూస్తే నవ్వుతారని మాటిమాటికీ దర్వాజ వైపు చూస్తూ, రెండుసార్లు తన కాలి మీదే దంచుకోబోయి, పని అయిందనిపించి ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి బావి కాడికి పోయాడు. అవ్వ కుండ పొయ్యెక్కించి దర్వాజ బిగించింది. నన్ను కట్టెలు అందించడానికి కూర్చోబెట్టింది. గోడ అవతల పెద్దమ్మ చేటలో జొన్నలు చెరుగుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది.

దర్వాజ మీద బూటుకాలితో తన్నిన చప్పుడయ్యేసరికి నా చేతిలో కట్టె జారిపోయింది. అవ్వ తలుపు తీసింది. క్యాంపు జమాదారు, వెంట తుపాకులతో ఇద్దరు సిపాయిలు, వాళ్ళ నడుమ చేతులు వెనక్కి కట్టిన బాపు. జమాదారు ఉర్దూ తెలుగు కలగలిపి మాట్లాడేవాడు. కుండలో ఏముందని అవ్వను అడిగాడు. నాకు ఈ నాటికీ ఆశ్చర్యం, తుపాకీ ఎదురుగా ఉంది, మొగుడి చేతులు కట్టి ఉన్నాయి, అయినా అవ్వ నోటి వెంట వచ్చింది అలవాటు పడ్డ మాటే. "తానానికి నీళ్ళయ్యా" అన్నది. జమాదారు బాపు వైపు తిరిగి వెటకారంగా నవ్వాడు. బావి కాడ అడిగినప్పుడు బాపు ఎడ్లకు కుడితి అని చెప్పాడట. జమాదారు గరిటె ముంచి పైకెత్తితే నీళ్ళూ కాదు, కుడితీ కాదు, గోధుమరంగు చిక్కటి ముద్ద జారింది. పది ఇళ్ళకు సరిపడే అంబలి అనుకున్నాడు కాబోలు. ఇంటి మనుషులు ముగ్గురు, కుండ ఇంత పెద్దది, తలుపు బిగించి ఉంది, మొగుడూ పెళ్ళామూ చెరో అబద్ధం ఆడుతున్నారు. వాడి స్థానంలో ఎవరున్నా అనుమానపడే వాళ్ళే అని ఇప్పుడు అనిపిస్తుంది గాని, ఆ రోజు వాడు నాకు యముడిలాగే కనిపించాడు.

అప్పుడు అవ్వ పేరు చెప్పింది. తలెత్తకుండా, ఆముదమని చెప్పింది. నమ్మలేదు. ఆముదమైతే ముందే ఎందుకు చెప్పలేదన్నాడు. పేరెత్తితే విరుగుతుందని వివరించబోతే ఇంకో కట్టుకథ అన్నాడు. చివరికి పొయ్యి పక్కన బాపును మోకాళ్ళ మీద కూర్చోబెట్టించి, అరుగు మీద తాను చతికిలబడి, నూనె తీసి చూపించమన్నాడు. పొద్దు వాలేలోగా చూపిస్తే సరి, లేకుంటే మొగుణ్ణి మానుకోటకు తోలుకుపోతానన్నాడు. మానుకోటకు పోయిన వాళ్ళ కోసం ఊళ్ళో అప్పటికే ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు దారి చూస్తూ కూర్చుని ఉన్నారు.

ఆ గొడవలో మంట ఆరిపోయింది. కుండ చల్లబడి పిప్పి అడుగున పేరుకుంది. అవ్వ మళ్ళీ రాజేసింది. కలియబెడుతుందే గాని ఒక్క చుక్క తేలదు. పేరు బయటపడింది, పరాయి కళ్ళు మూడు జతలు కుండ మీదే ఉన్నాయి, ఇక తేలదని అవ్వ మొహంలోనే తెలిసిపోతోంది. నేను దేవుళ్ళందరికీ మొక్కాను, డోర్నకల్ చర్చిలోని దేవుడికి కూడా మొక్కాను, పెద్దబాపు ఆ గంట మోగడం గురించి చెప్పి ఉన్నాడు గనుక. బాపు మాత్రం తలవంచుకుని మట్టి వైపు చూస్తున్నాడు. కట్టెలు అయిపోవచ్చాయి.

రేగుకంప విరిగిన చప్పుడైంది. సందులో నుంచి పెద్దమ్మ వచ్చింది. చంకలో కందికట్టె మోపు, చీర కుచ్చెళ్ళకు ముళ్ళు, మోచేతి మీద నెత్తుటి గీరలు. సిపాయి ఒకడు తుపాకీ ఎత్తితే వాడి వంక చూడనైనా చూడలేదు. మోపు దింపి పొయ్యిలో ఎగదోసి, అవ్వ చేతిలో నుంచి కలియబెట్టే కర్ర తీసుకుంది. గరిటె అవ్వకిచ్చింది. మంట పుంజుకుంది. పెద్దమ్మ అడుగు నుంచి పైకి తిప్పుతూ, మధ్యమధ్య చన్నీళ్ళు చిలకరిస్తూ, మళ్ళీ తిప్పుతూ ఉంది. ఆమె నుదుటి చెమట కుండలో పడకుండా అవ్వ తన కొంగుతో తుడిచింది. ఎన్నో ఏళ్ళుగా పక్కపక్కన పనిచేసిన చేతులు కదా, అనుమానాల సంగతి వాటికి తెలియదు.

పొద్దు గోడ మీదికి దిగుతుండగా అంచు దగ్గర ఒక నల్లటి చుక్క మెరిసింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే కుండంతా కళ్ళు తెరిచింది. ముక్కు పుటాలదిరే ఆ వాసన వాకిలంతా నిండింది. జమాదారు లేచి వచ్చి వేలు ముంచి, ఉఫ్ మని ఊదుకుని, వాసన చూసి, తన బూటు తోలు మీద రాసి చూశాడు. బాపు కట్లు విప్పమన్నాడు. పోతూ పోతూ, క్యాంపులో బూట్లు ఎండి పగులుతున్నాయని చెప్పి, కాచిన నూనెలో సగానికి సగం ముంతలో పట్టించుకుపోయాడు. ప్రాణం దక్కింది, నూనె పోతే పోయిందని బాపు అన్నాడు. అవ్వ మిగిలిన గోరువెచ్చటి నూనె బాపు మణికట్లకు రాస్తూ, ఎవరు చెప్పారు మన కుండ గురించి అని అడిగింది.

బాపు ఆలోచించకుండా జవాబిచ్చాడు. జమాదారు మొదట పొగ చూసి గోడ అవతల అడిగాడట. ఆ ఇంట్లో ఏం వండుతున్నరంటే, నాకెర్కలేదని పెద్దమ్మ చెప్పిందట. పక్కింటి ఆడదానికే తెలియని వంటంటే ఏదో ఉందని వాడికి తట్టిందట. ఆ మాట అనేటప్పటికి పెద్దమ్మ ఇంకా అక్కడే ఉంది, పొయ్యిలో నిప్పులు ఆర్పుతూ. అవ్వ చేయి ఆగిపోయింది. పెద్దమ్మ తలెత్తి అవ్వను చూసింది. అవ్వ చూపు తిప్పుకుంది. అంతే. పెద్దమ్మ వచ్చిన సందులోంచే వెళ్ళిపోయింది, మర్నాడు ఆ సందులో మరింత కంప పడింది, తర్వాత మట్టే మెత్తారు.

ఇన్నేళ్ళు అవ్వతో కలిసి దంచిన మనిషికి అవ్వ ఏం వండుతున్నదో తెలియదా, కావాలనే అన్నది, తమ్ముణ్ణి కాపాడుకోవడానికి మమ్మల్ని ముందుకు తోసింది, ఆనక మనసు పీకి పరుగెత్తుకొచ్చింది. ఇదీ ఊరు కట్టిన తీర్పు. అవ్వ దాన్ని కాదనలేదు, అవుననలేదు. నేను మాత్రం పూర్తిగా నమ్మాను. పెద్దమ్మ కనబడితే దారి మార్చుకునేదాన్ని. కొంతకాలానికి క్యాంపు ఎత్తేశారు, అడవిలోకి పోయిన వాళ్ళలో కొందరు తిరిగొచ్చారు, పెద్దమ్మ తమ్ముడు రాలేదు. ఆమె డోర్నకల్ వెళ్ళి పెద్దబాపు దగ్గరే ఉండిపోయింది.

నాకు జనగామ సంబంధం కుదిరి, పిల్లలు పుట్టి, వాళ్ళూ పెద్దవాళ్ళయ్యాక, ఒకసారి ఏదో పెళ్ళికి ఖమ్మం వెళ్ళి వస్తూ డోర్నకల్‌లో దిగాను. పెద్దమ్మ ముసలిదైపోయింది, చూపు మందగించింది, నా గొంతు గుర్తుపట్టి నా చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. పాత కక్ష కడుపులో ఉండనే ఉంది గనుక నేను ఊరుకోలేదు, ఆ రోజు ఎందుకట్లా చెప్పావని అడిగేశాను. ఆమె నా వైపు, పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పొయ్యి మీద ఉండంగ పేరు చెప్తరా బిడ్డా. మీ నూనె ఇరిగిపోదా" అన్నది.

బాపు కుడితి అన్నాడు, అవ్వ నీళ్ళన్నది, పెద్దమ్మ తెలియదన్నది. ముగ్గురూ ఒక్క కుండనే కాపాడారు. పిలవని ఇంటి నూనె కోసం, తన ఒంటి మీదికి వచ్చే ప్రమాదం కూడా తలచుకోకుండా, ఆమె కట్టడి పాటించింది. ఆ సాయంత్రమే మానుకోట బండెక్కి ఊరికి పోయి అవ్వకు ఒక్క గుక్కలో చెప్పేశాను. అవ్వ చేతిలోని చేట పక్కన పెట్టింది. "నాకెర్కే. గా దినమే ఎర్క. మీ బాపు నోట్లకెల్లి మాట రాంగనే సమజైంది" అన్నది. మరి ఇన్నేళ్ళూ ఎందుకు పలకరించలేదని అడిగితే, "కంప కొట్టిపిచ్చింది నేను. పిలువంది నేను. ఏం మొకం పెట్టుకొని పోను" అన్నది.

బతిమాలి, కోప్పడి, ఆ ఎండాకాలంలో అవ్వను డోర్నకల్ తీసుకుపోయాను. ఇద్దరూ చాపమీద ఎదురెదురుగా కూర్చున్నారు. తిన్నవా చెల్లె అని ఆమె, తిన్న అక్కా అని ఈమె. ఎండల గురించి, మోకాళ్ళ గురించి, పిల్లల గురించి మాట్లాడుకున్నారు. ఆముదం మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. పెద్దమ్మ కోడలు చాయ్ తెచ్చింది. అవ్వ తాగింది. పెద్దమ్మ గ్లాసు ముట్టుకోలేదు. తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని, గార్ల స్టేషన్ దాటాక అవ్వ ఉన్నట్టుండి నా వైపు ఒరిగింది. "అక్క చాయ్ తాగలే, సూసినవా. నాకు పోసి తను తాగలే. ఎందుకంటవు" అని అడిగింది. డాక్టరు మానమన్నాడని, కోడలు నాకు చెప్పిందని నేనంటే తల ఊపింది గాని నమ్మినట్టు లేదు. ఇల్లు చేరేదాకా దాని గురించే ఆలోచిస్తున్నట్టుంది. మళ్ళీ వాళ్ళు కలుసుకోలేదు.

భయపెట్టిన వాళ్ళు ఎన్నడో వెళ్ళిపోయారు. ఇప్పుడు ఎవరింట్లో ఎంత వండినా అడిగే వాడు లేడు, ఏ తలుపూ తన్నే వాడు లేడు, దాచాల్సిన తిండి లేదు. అయినా నాకెవరైనా ఊరికే ఒక మంచి పని చేస్తే, ఎందుకు చేశారా అని ముందు అదే తోస్తుంది, తర్వాతే సంతోషం కలుగుతుంది, ఒక్కోసారి ఆ తర్వాత కూడా కలగదు. గింజ వేయించడం, పాకం చూడడం, చన్నీళ్ళు ఎప్పుడు చల్లాలో తెలియడం, అవ్వ చేతిలో ఇంత విద్య ఉండేది. అందులో నేనేదీ నేర్చుకోలేదు. ఆమె నేర్పకుండానే నాకు వచ్చింది ఈ అనుమానం ఒక్కటే.